గెలిచినది యంత్రమా, మనిషియా?
ఒకే నమూనా కార్ల పందెముల చరిత్ర

మోటారు కార్ల పందెములు పుట్టిన నాటినుండి ఒక ప్రశ్న వాటిని వెన్నాడుచునే యున్నది. అందరికంటె ముందు గమ్యము చేరిన కారును చూచి జనులు చప్పట్లు కొట్టుదురు. కాని ఆ గెలుపు ఎవరిది? చక్రము పట్టిన చోదకునిదా, యంత్రమును నిర్మించిన ఇంజనీరుదా, లేక ధనమును వెచ్చించిన యజమానిదా?

లోలకము ఒకసారి ఊగుటకు పట్టు కాలము దారము పొడవుపై ఆధారపడునా, గుండు బరువుపై ఆధారపడునా అని తెలిసికొనగోరు విద్యార్థి ఆ రెంటిని ఒకేసారి మార్చడు. ఒకదానిని స్థిరముగా నుంచి రెండవదానిని మార్చి చూచును. సాధారణమైన కార్ల పందెములో ఈ నియమము లేదు. కారు వేరు, టైర్లు వేరు, చోదకుడు వేరు. అట్టి పందెము వేడుకయే గాని కొలత కాదు. కార్లన్నిటిని ఒకే నమూనావిగా నుంచి, మనిషిని మాత్రమే మార్చి చూచినచో నేమగును? ఈ ఆలోచన నుండియే ఒకే నమూనా కార్ల పందెములు పుట్టినవి.

తొలి ప్రయత్నములు

ఫ్రాన్సు దేశమున 1966లో రెనో సంస్థ 'గోర్డిని కప్పు' అను పోటీని ప్రారంభించెను. ఇందులో పాల్గొనువారందరు రెనో 8 గోర్డిని అను చిన్న కారునే నడుపవలెను. ధనవంతులు కాని యువకులకు పందెపు బాట తెరచుట దీని ఉద్దేశములలో నొకటి. ఆ పోటీలో తొలి పాఠములు నేర్చినవారిలో ఝాఁ-పియెర్ జబూయి ఒకడు. ఇతడే 1979లో దిజోన్ పట్టణమున జరిగిన ఫ్రెంచి గ్రాండ్ ప్రీలో రెనో కారుతో గెలిచి, ఫార్ములా వన్ పందెములలో టర్బో యంత్రమునకు మొట్టమొదటి విజయమును సంపాదించి పెట్టెను.

అమెరికాలో 1973-74 సంవత్సరములలో మరింత సాహసమైన ప్రయోగము జరిగినది. వేర్వేరు రకముల పందెములలో ఆరితేరిన పన్నెండుగురు చోదకులను ఒకచోట చేర్చి, అందరికి పోర్షే 911 కరేరా ఆర్.ఎస్.ఆర్. కార్లనిచ్చి పోటీ పెట్టిరి. దీనికి 'ఐరాక్', అనగా విజేతల అంతర్జాతీయ పందెము అని పేరు. నాలుగు పందెములలో మూడింటిని మార్క్ డోనహ్యూ గెలిచెను. ఇతడు ఇంజనీరింగు పట్టభద్రుడు.

అయితే ఇచ్చట శాస్త్ర విద్యార్థి ఒక క్షణము ఆగవలెను. డోనహ్యూ అంతకుముందే పోర్షే వారి 917/30 అను మహాశక్తివంతమైన కారును తీర్చిదిద్దుటలో పాల్గొని, 1973లో దానితోనే కెన్-యామ్ పోటీల విజేత అయి యుండెను. ఆ సంస్థ కార్ల స్వభావము అతనికి తెలిసినంతగా చాలమందికి తెలియదు. కార్లు సమానమైనను వాటితో గల పరిచయము సమానము కాలేదు. ప్రయోగములో మనము స్థిరపరచితిమని తలచినవాని చాటున, స్థిరపరచని అంశమొకటి దాగి యుండవచ్చును. డోనహ్యూ ప్రతిభను ఇది తగ్గించదు. ప్రయోగము యొక్క పరిమితిని మాత్రము తెలుపును.

1979, 1980 సంవత్సరములలో ఐరోపాలో బి.ఎం.డబ్ల్యు. ఎమ్1 కార్లతో 'ప్రోకార్' పోటీలు నడచెను. ఫార్ములా వన్ చోదకులు కొందరు అందులో ఇతర చోదకులతో పోటీపడిరి. మొదటి ఏట నికీ లౌడా, రెండవ ఏట నెల్సన్ పికే విజేతలైరి. పేరు గొప్పదైనను ఆ పోటీ రెండేండ్లతో ముగిసెను.

జర్మనీలో జాతీయ పోటీ

నిలుకడగా సాగిన జాతీయ పోటీకి మంచి ఉదాహరణ పశ్చిమ జర్మనీలో దొరకును. 1986లో అచ్చట 'పోర్షే 944 టర్బో కప్పు' ప్రారంభమైనది. 944 టర్బో బజారులో అమ్ముడగు క్రీడాకారే. దాని యంత్రములో నాలుగు సిలిండర్లు, రెండున్నర లీటర్ల ఘనపరిమాణము, 220 అశ్వశక్తి. పందెమునకై దానిలో రక్షణ పంజరమును అమర్చి, అనవసరపు బరువును తొలగించి, చోదకులకిచ్చిరి. తొలి విజేత యోహాకిమ్ వింకెల్‌హాక్.

ఈ పోటీలో శాస్త్రదృష్టితో గమనింపదగిన విశేషము వేగము కాదు. కారు వెనుక పొగగొట్టములో నమర్చిన ఉత్ప్రేరక పరికరము. దాని ప్రాముఖ్యమును గ్రహించుటకు ఆ కాలపు పరిస్థితిని కొంత తెలిసికొనవలెను.

పొగగొట్టములోని రసాయనశాల

పెట్రోలు యంత్రము నుండి వెలువడు వాయువులలో మూడు హానికరములైనవి గలవు: కార్బన్ మోనాక్సైడ్, సగము కాలిన హైడ్రోకార్బనులు, నత్రజని ఆక్సైడులు. ఉత్ప్రేరక పరికరములో తేనెపట్టు వలె సన్నని రంధ్రములు గల పింగాణి దిమ్మ యుండును. ఆ రంధ్రముల గోడలపై ప్లాటినం, రోడియం వంటి లోహముల పలుచని పూత యుండును. వేడి పొగ ఆ పూతను తాకుచు పోవునప్పుడు మొదటి రెండు పదార్థములు ప్రాణవాయువుతో కలిసి బొగ్గుపులుసు వాయువుగను, నీటి ఆవిరిగను మారును. నత్రజని ఆక్సైడులు తమ ప్రాణవాయువును వదలి నత్రజనిగా మారును. లోహము తాను తరగకయే ఈ మార్పులను త్వరితపరచును. ఈ మూడు పనులు ఒకేసారి జరుగవలెనన్నచో ఒక వంతు పెట్రోలునకు సుమారు 14.7 వంతుల గాలి, బరువు లెక్కన, కలియవలెను. అందుకై పొగలోని ప్రాణవాయువును కనిపెట్టుచుండు పరికరమొకటి యంత్రమునకు నిరంతరము సూచనలిచ్చుచుండును.

ఈ పరికరమునకు పరమశత్రువు సీసము. 1920ల నుండి పెట్రోలులో టెట్రా ఇథైల్ సీసమును కలుపుట వాడుకైనది. దానివలన యంత్రములో పెట్రోలు అకాలముగా ప్రేలుట తగ్గి, ఎక్కువ శక్తి లభించును. కాని ఆ సీసము పొగతో బయటికివచ్చి గాలిలోను, మట్టిలోను చేరి, పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీయును. అదే సీసము ఉత్ప్రేరకపు పూతను కప్పివేసి దానిని పనికిరానిదిగా చేయును. కనుక పొగను శుద్ధిచేయదలచిన దేశము ముందుగా పెట్రోలునుండి సీసమును తొలగింపక తప్పదు.

అమెరికాలో 1975 నమూనాల నుండి ఈ పరికరములు వ్యాప్తిలోనికి వచ్చెను. పశ్చిమ జర్మనీలో 1980ల మొదటి భాగమున అడవులు క్షీణించుచున్నవను ఆందోళన బయలుదేరినది. 1985లో ప్రభుత్వము శుద్ధమైన కార్లకు పన్ను రాయితీ నిచ్చెను. కాని ప్రజలలో నొక సందేహము మిగిలి యుండెను: పొగకు అడ్డముగా ఈ దిమ్మను పెట్టినచో యంత్రపు బలము తగ్గదా?

ఆ సందేహము పూర్తిగా నిరాధారము కాదు. పొగ సులభముగా వెలువడనిచో యంత్రము కొంత శక్తిని పోగొట్టుకొనును. అయితే టర్బో యంత్రములో లోనికి పంపు గాలి పీడనమును నియంత్రింపవచ్చును. దానిని ఆధారము చేసికొని ఇంజనీర్లు 944 టర్బోను, ఉత్ప్రేరక పరికరమున్నను లేకున్నను 220 అశ్వశక్తినే ఇచ్చునట్లు రూపొందించిరి. ఆ పరికరముగల కార్లను పందెపు బాటపై అందరి యెదుట పరుగెత్తించుటకు 1986 నాటి పోటీ అవకాశమిచ్చెను. ఉత్ప్రేరకమును ధరించి నడచిన తొలి పందెముల వరుసలలో ఇది యొకటి.

అందరికి ఒకే నియమము

ఇచ్చట ఒక సూక్ష్మమును గమనింపవలెను. వేర్వేరు కార్లు పోటీపడు పందెములో మొదట ఉత్ప్రేరకమును పెట్టుకొన్నవాడు మొదట నష్టపడును. రెండశ్వశక్తులు తగ్గినను ప్రత్యర్థికి లాభమే. కనుక ఎవడును ముందునకు రాడు. అందరు మంచివారైనను పొగ మాత్రము మారదు. ఒకే నమూనా పందెములో ఈ చిక్కు లేదు. పరికరము అందరికి నున్నది. నష్టమున్నచో అందరికి సమానము. గెలుపు ఓటములు దానివలన మారవు. సమాజమునకు మేలైన పనిని ఏ ఒక్కరికిని నష్టము కలుగకుండ ప్రవేశపెట్టుటకు అట్టి సమాన నియమమే మార్గము. రహదారిపై ఈ పనిని చేయవలసినది చట్టము.

మన దేశమునందును జరిగినదదియే. 1995 ఏప్రిల్ నుండి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మదరాసు నగరములలో క్రొత్త పెట్రోలు కార్లకు ఉత్ప్రేరక పరికరమును తప్పనిసరి చేసి, సీసము లేని పెట్రోలును అందించిరి. 2000 ఫిబ్రవరి నుండి దేశమంతట సీసము కలిపిన పెట్రోలును నిలిపివేసిరి. ఏ ఒక్క కార్ల కంపెనీ ఔదార్యము పైనను, ఏ ఒక్క కొనుగోలుదారు ఇష్టము పైనను దీనిని విడువలేదు. ప్రపంచమున చివరిగా అల్జీరియా 2021లో సీసపు పెట్రోలు అమ్మకమును మానినది. దాదాపు నూరేండ్ల పొరపాటు ఆ విధముగా ముగిసినది.

911 రంగప్రవేశము

1990లో 944 స్థానమున 911 కరేరా కారును ప్రవేశపెట్టి, పోటీకి 'కరేరా కప్పు' అని పేరిడిరి. ఈ కారుకు వెనుక భాగమున 3.6 లీటర్ల ఆరు సిలిండర్ల యంత్రము గలదు. ఉత్ప్రేరకముతో పాటు చక్రములు బిగిసిపోకుండ కాపాడు బ్రేకు వ్యవస్థయు ఇందులో నుండెను. ఆ ఏటి విజేత ఓలఫ్ మాంటే, మరుసటి ఏటి విజేత రోలాండ్ ఆష్.

బ్రేకు మీద ఇంత శ్రద్ధ యెందుకో చిన్న లెక్క వలన తెలియును. 1300 కిలోగ్రాముల కారు గంటకు 200 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. అనగా సెకండునకు సుమారు 55.6 మీటర్లు. ద్రవ్యరాశిలో సగమును వేగపు వర్గముచే గుణించినచో గతిశక్తి సుమారు 20 లక్షల జౌళ్లగును. మలుపు ముందు వేగమును 100 కిలోమీటర్లకు తగ్గించినప్పుడు గతిశక్తి సగము గాక నాల్గవ వంతే మిగులును. తక్కిన 15 లక్షల జౌళ్లు కొద్ది సెకండ్లలో బ్రేకుల వేడిగా మారవలెను. ఆ వేడితో నాలుగున్నర లీటర్ల నీటిని 20 డిగ్రీల నుండి 100 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాచవచ్చును! ప్రతి పెద్ద మలుపు వద్దను ఇదే తంతు. పైగా ఆ వేగములో సెకండులో పదవ వంతు ఆలస్యమైనచో కారు అయిదున్నర మీటర్లు, అనగా తన పొడవుకంటె ఎక్కువ దూరము, ముందునకు పోవును. కార్లన్నియు సమానమైనప్పుడు పందెము తేలునది ఈ పదవ వంతులలోనే.

1993 నుండి ఫార్ములా వన్ పందెములకు అనుబంధముగా అంతర్జాతీయ 'సూపర్ కప్పు' నడచుచున్నది. బ్రిటనులో 2003లో, ఇటలీలో 2007లో జాతీయ కరేరా కప్పులు వెలసెను. కారు శక్తియు పెరిగినది. 2021లో ప్రవేశించిన నమూనా 510 అశ్వశక్తి గలది. 1986 నాటి దానికి ఇది రెండింతలకు మించినది.

ఈ పాఠశాలలో చదివినవారు తరువాత ఎట్లయిరి? 1994 జర్మన్ విజేత బెర్న్డ్ మైలాండర్ 2000 నుండి ఫార్ములా వన్ పందెములలో రక్షక కారును నడుపువానిగా ప్రసిద్ధుడయ్యెను. 2001 విజేత టీమో బెర్న్‌హార్ట్ 2010లోను, 2017లోను లె మాన్ 24 గంటల పందెమును గెలిచిన జట్టులలో సభ్యుడు. 2017లో అతడు నడిపినది పోర్షే కారే.

సమానత్వపు హద్దులు

అట్లని ఈ పందెములు పరిపూర్ణమైన కొలతలని భావింపరాదు. ఒకే అచ్చులో పోసిన రెండు యంత్రములును సరిగా ఒకే శక్తి నియ్యవు. అందుచేతనే యంత్రములకు ముద్రలు వేసి, ఎవరును విప్పకుండ కట్టుదిట్టము చేయుదురు. టైర్లు అందరికి ఒకే సంస్థవి. కాని వెనుక రెక్క వాలును, స్ప్రింగుల బిగువును, టైర్లలోని గాలి పీడనమును నియమములకు లోబడి సరిచేసికొనవచ్చును. ఆ నేర్పు చోదకునిది మాత్రమే కాదు, అతని మెకానిక్కులది కూడ. అన్నిటికి మించి, ధనమున్న జట్టు ఎక్కువ దినములు సాధన చేయగలదు. కారును సమానము చేయవచ్చును గాని, దానిని కొని సాధన చేయుటకు కావలసిన ధనమును ఏ నియమావళియు సమానము చేయలేదు. ఇక నిర్మాత సంస్థకు ఈ పోటీ గొప్ప ప్రకటన యనుట దాచవలసిన విషయము కాదు. ఎవరు గెలిచినను గెలిచినది వారి కారే గదా!

కనుక మొదటి ప్రశ్నకు సమాధానము ఇట్లు చెప్పవలసి యుండును. ఒకే నమూనా పందెములో యంత్రపు వంతు బాగుగా తగ్గును, కాని శూన్యము కాదు. మనిషి వంతు బాగుగా తేటపడును, కాని ఆ మనిషి వెనుక నున్న జట్టును, సాధనను, ధనమును వేరు చేసి చూడలేము. తరగతిలో లోలకముతో ప్రయోగము చేయు విద్యార్థులను ఉపాధ్యాయులు ఒక ప్రశ్న అడుగవచ్చును: "గుండ్లు మార్చితివి సరే, దారము పొడవు నిజముగా మారలేదా? గుండు పెద్దదైనప్పుడు దాని కేంద్రము క్రిందికి జరుగలేదా?" ఆ ప్రశ్నకు కొలబద్దతో వెదకి సమాధానము చెప్పగల విద్యార్థి, పందెపు ఫలితముల పట్టికను కూడ సరిగా చదువగలడు.