అడవిపూల రూపచిత్రణ: కుంచె నుండి కటకం వరకు

జనగామ చుట్టుపక్కల బీళ్ళలో, రాతిగుట్టల పక్కన వానకాలం వెనుకబడుతూ ఉండగా తంగేడు విరగబూస్తుంది. బతుకమ్మ పేర్చే ఇంట ఆ పూవును చూడనివారు ఉండరు. అయినా అందులో కేసరాలు ఎన్ని అని అడిగితే వెంటనే చెప్పగలవారు తక్కువ. అవి పది. పైన ఉన్న మూడు గొడ్డువి. కింద ఉన్న మూడింటి పరాగకోశాలు పొడవుగా, వంగి ఉంటాయి. ఈ పూవులో తేనె లేదు. పరాగం కోసమే కీటకాలు వస్తాయి. పరాగకోశం నిలువునా పగలదు, కొనన ఉన్న చిన్న రంధ్రం గుండా పరాగం రాలుతుంది. గండుతుమ్మెద పూవును పట్టుకొని కండరాలను అదిరిస్తే, ఉప్పుబుడ్డిని తట్టినట్లు, పొడి బయటపడుతుంది.

కన్ను పూవు దగ్గరకు చేరితే తప్ప ఈ సంగతులు తెలియవు. చూచినదానిని ఇతరులకు చూపాలంటే బొమ్మ కావాలి. అటువంటి బొమ్మలు మన తెలుగుదేశంలో ఎట్లా ప్రారంభమైనవి? తరువాత కెమెరా వచ్చి వాటికి ఏమి చేర్చింది, ఏమి తీసివేసింది?

విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు 1776లో మద్రాసు చేరి, 1781లో గోదావరి ప్రాంతపు సామర్లకోటలో నియమితుడైనాడు. అక్కడ తోట వేసి, చుట్టుపక్కల మొక్కలను పరిశీలించి, స్థానిక చిత్రకారుల చేత వాటి రంగుల బొమ్మలు వ్రాయించాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్ళిన తరువాత కూడా ఈ పని సాగింది. మొత్తం రెండువేల ఐదువందలకు పైగా చిత్రాలు తయారైనవి. వాటిలో మూడువందలను ఎంచి, 1795 మొదలుకొని మూడు సంపుటాలుగా ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అనే గ్రంథాన్ని లండనులో అచ్చువేశారు. బొమ్మలను ఎన్నుకొన్నవాడు జోసెఫ్ బ్యాంక్స్. కుంచె పట్టిన మనవారి పేర్లు మాత్రం ఆ ఫలకాల మీద కనిపించవు.

ఆ గ్రంథంలోని ఒక ఫలకాన్ని పరిశీలిస్తే నాలుగు విషయాలు ఒకేచోట దొరుకుతాయి. మొదటిది, ఆకులతో పూలతో కూడిన కొమ్మ. రెండవది, పూవును విప్పి విడివిడిగా చూపిన భాగాలు. మూడవది, రంగు. నాలుగవది, వివరణలో ఇచ్చిన తెలుగు పేరు. ఈ నాలుగవదాని విలువ తెలియాలంటే సోమిద చెట్టును చూడాలి. దాని బెరడును జ్వరానికి మందుగా వాడేవారు. రాక్స్‌బర్గ్ దానిని మహాగని జాతిలో చేర్చి, జ్వరహారి అనే అర్థం వచ్చే విశేషణం తగిలించాడు. అది వేరే ప్రజాతి అని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అడ్రియన్ ద జస్యూ తరువాత నిర్ణయించి, దానికి ‘సోయ్‌మిడా’ అని నామకరణం చేశాడు. మన పల్లెవాని నోటిమాట అలా ప్రపంచశాస్త్రంలో నిలిచిపోయింది.

అయితే ఈ కృషి అంతా కుంపిణీవారి ఏలుబడిలోని సర్కారు జిల్లాల చుట్టూ జరిగినది. జనగామ, మానుకోట అనే మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతాలు నిజాం రాజ్యంలో ఉండేవి. మద్రాసు రాజధాని మొక్కలను వర్ణిస్తూ గాంబుల్ ప్రారంభించిన గొప్ప గ్రంథం 1915, 1936 సంవత్సరాల మధ్య వెలువడినప్పుడు కూడా నిజాం అడవులు దాని పరిధికి వెలుపలనే ఉండిపోయినవి. ఆరవ నిజాం ఆస్థానంలో రాజా దీన్‌దయాళ్ వంటి నిపుణుడైన ఛాయాగ్రాహకుడు ఉండెను గాని, అతని కెమెరాకు పేరు తెచ్చినవి మహళ్ళు, దర్బారులు, వేటలు.

ఇక కెమెరా సంగతి. ఛాయాగ్రహణం పుట్టుకలోనే మొక్కకు చోటున్నది. ఇంగ్లండులో టాల్బట్ 1830లలోనే వెండి లవణాలు పూసిన కాగితం మీద ఆకును పరచి, ఎండలో పెట్టి, దాని నీడను పట్టాడు. అన్నా అట్కిన్స్ అనే మహిళ 1843 మొదలుకొని నీలిముద్రల పద్ధతిలో సముద్రపు నాచుల గ్రంథాన్ని వెలువరించింది. ఛాయాచిత్రాలతో కూర్చిన మొదటి పుస్తకంగా దానిని లెక్కిస్తారు. ఇవి రెండూ కటకం లేని చిత్రాలు. వస్తువు ఎంత ఉంటే బొమ్మ అంతే ఉంటుంది.

కటకంతో పూవును తీయడానికి మూడు చిక్కులు ఎదురైనవి. మొదటిది రంగు. ఆనాటి ఫలకాలు నీలి, ఊదా కాంతులను మాత్రమే గ్రహించేవి, ఎరుపు వాటికి చీకటితో సమానం. మోదుగుపూవును తీస్తే బొగ్గులా నల్లబడేది. విష్ణుక్రాంతను తీస్తే నీలం తెల్లగా వెలిసిపోయేది. 1873లో జర్మనీలో వోగెల్ ఫలకానికి కొన్ని అద్దకాలు కలిపి ఆకుపచ్చ, పసుపు కాంతులనూ అందుకొనేట్లు చేశాడు. ఎరుపును కూడా గ్రహించే ఫలకాలు 1906 ప్రాంతంలో విపణిలోకి వచ్చినవి. 1907లో ల్యూమియేర్ సోదరుల రంగుల ఫలకం, 1935లో కోడాక్రోమ్ ఫిల్ము వచ్చినవి. సామర్లకోట కుంచె ఏనాడో సాధించినదానిని అందుకోవడానికి కెమెరాకు సుమారు నూరేళ్ళు పట్టినదన్నమాట.

రెండవ చిక్కు వెలుతురు. పూవును దాని అసలు పరిమాణంలోనే ఫిల్ము మీద పడేట్లు తీయాలంటే, కటకాన్ని ఫిల్ము నుండి నాభ్యంతరానికి రెట్టింపు దూరం జరపాలి. దూరం రెట్టింపైతే కాంతి నాలుగవ వంతుకు తగ్గుతుంది. కనుక నాలుగు రెట్లు ఎక్కువసేపు కాంతి పడనివ్వాలి. ఈలోగా గాలి వీచి పూవు ఊగిందా, శ్రమ వృథా! మూడవది స్పష్టత. ఆ పరిమాణంలో సాధారణ ఫిల్ము కెమెరా ద్వారాన్ని ఎనిమిదవ అంకె వద్ద ఉంచితే సుమారు ఒక మిల్లీమీటరు మందం మాత్రమే స్పష్టంగా వస్తుంది. కేసరం కొన తేటగా ఉంటే ఆకర్షకపత్రం మసకబారుతుంది. చిత్రకారునికి ఈ బాధ లేదు. అతడు ఒక్కొక్క భాగాన్నీ విడివిడిగా చూచి, అన్నింటినీ ఒకే కాగితం మీద తేటగా వ్రాస్తాడు.

కటకం గుండానే పూవును చూస్తూ తీయగల చిన్న కెమెరాలు 1930ల చివర వచ్చినవి. దగ్గరి చిత్రాల కోసమే చేసిన ప్రత్యేక కటకం కిల్‌ఫిట్ సంస్థ 1955లో తెచ్చింది. నేడు ఆ సామర్థ్యంలో కొంత ప్రతివారి జేబులోని ఫోనులోనే ఉన్నది. భూపాలపల్లి జిల్లా మహాదేవపూర్ అడవిలో పశువులు కాసే పిల్లవాడు సైతం అడవినాభి పూవును తీయగలడు. మొదట ఆకుపచ్చగా, తరువాత పసుపుగా, చివరకు ఎర్రగా మారే దాని ఆరు పత్రాలను, లంబకోణంలో పక్కకు వంగిన కీలాన్ని చక్కగా పట్టగలడు. దాని దుంపలో కాల్చిసిన్ అనే విషమున్నది గనుక బొమ్మ తీసి వదలడమే మంచిది.

అయితే అందమైన బొమ్మ అంతా శాస్త్రానికి ఆధారం కాదు. పూవు ఒక్కటే నిండి, ఆకు, కాండం, చోటు, తేదీ ఏవీ లేని చిత్రంతో ఆ మొక్క ఏదో నిర్ణయించడం చాలాసార్లు సాధ్యపడదు. రాక్స్‌బర్గ్ ఫలకంలోని నాలుగు విషయాలను మనం నాలుగైదు చిత్రాలలో సమకూర్చుకోవచ్చును. నిలువెత్తు మొక్క దాని నేలతోసహా ఒకటి. ఆకు ముందువైపు, వెనుకవైపు. పూవు ఎదుటి నుండి, పక్క నుండి. వీలైతే కాయ. పక్కన కొలబద్ద. చిత్రంతోపాటు ఊరు, తేదీ, అక్కడివారు పిలిచే పేరు వ్రాసి ఉంచాలి. దీనికి మొక్కను పెరకవలసిన పని లేదు. అడవిలోని మొక్క ఏ రాతి పక్కన, ఏ చెట్టు నీడన బ్రతుకుతున్నదో చూపడం కెమెరాకు ఉన్న గొప్ప శక్తి. తెల్లకాగితం మీద కొమ్మను మాత్రమే నిలిపిన పాత ఫలకాలలో అది లేదు.

ఈ పనికి తొందర ఉన్నది. బీళ్ళు చేలవుతున్నవి, గుట్టలు కంకర అవుతున్నవి, భూపాలపల్లి వైపు బొగ్గుగనులు నేలను తవ్వుతున్నవి. అంతకంటె వేగంగా మొక్కల పేర్లు తెలిసిన వృద్ధులు కనుమరుగవుతున్నారు. గూడూరు అడవి అంచున ఉన్న ఒక తాతను వెంటబెట్టుకొని వెళ్ళిన విద్యార్థి, ప్రతి చిత్రం కింద ఆయన చెప్పిన పేరును వ్రాసి, ఆయన పేరును కూడా ఆయన అనుమతితో పక్కన వ్రాయాలి. సామర్లకోట చిత్రకారులకు దక్కనిది ఆయనకైనా దక్కుతుంది.