హెచ్.ఐ.వి. చికిత్సలో కొనసాగింపు

హెచ్.ఐ.వి. చికిత్సలో కొనసాగింపు అనగా హెచ్.ఐ.వి. ఉన్న వ్యక్తి చికిత్సా కేంద్రంలో పేరు నమోదు చేసుకున్న తరువాత, మధ్యలో మానకుండా జీవితాంతం మందులు, పరీక్షలు, వైద్యుని సలహా పొందుతూ ఉండటం. ఈ చికిత్సను యాంటీ రిట్రోవైరల్ థెరపీ లేదా సంక్షిప్తంగా ఏ.ఆర్.టి. అంటారు. ఈ మందులు వైరస్‌ను అణచి ఉంచుతాయి గానీ శరీరం నుండి పూర్తిగా తొలగించలేవు. అందువలన చికిత్స మొదలుపెట్టడం కన్నా దానిని నిలబెట్టుకోవడమే కష్టం.

మందులు ఆపితే

వైరస్ కొన్ని తెల్ల రక్తకణాలలో నిద్రాణంగా దాగి ఉంటుంది. మందులు ఆపినవారిలో చాలామందికి కొద్ది వారాలలోనే అది మళ్ళీ రక్తంలో కనిపిస్తుంది. క్రమేణా సి.డి.4 కణాలు తగ్గి, క్షయ వంటి వ్యాధులు సులభంగా సోకుతాయి. మందుల దుష్ఫలితాలను తగ్గించడానికి మధ్యమధ్య విరామం ఇవ్వవచ్చునా అన్న ప్రశ్న ఒకప్పుడు వైద్యులలో ఉండేది. దీనిని పరిశీలించిన 'స్మార్ట్' అనే అధ్యయనంలో 33 దేశాలకు చెందిన 5,472 మంది పాల్గొన్నారు. విరామం ఇచ్చినవారిలో మరణాలు, తీవ్రవ్యాధులు ఎక్కువని తేలడంతో 2006 జనవరిలో కొత్తవారిని చేర్చుకోవడం నిలిపివేశారు.

భారతదేశంలో

ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1న ఉచిత ఏ.ఆర్.టి. కార్యక్రమాన్ని ప్రారంభించింది. వ్యాధి తీవ్రత ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాలకు (ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర, మణిపూర్, నాగాలాండ్), ఢిల్లీకి తొలి ప్రాధాన్యం లభించింది. ఆ తరువాత పెద్ద కేంద్రాలకు అనుబంధంగా, రోగుల ఊళ్ళకు దగ్గరలో మందులు ఇచ్చే లింకు ఏ.ఆర్.టి. కేంద్రాలు ఏర్పడ్డాయి. మొదట్లో వ్యాధి ముదిరినవారికే మందులు ఇచ్చేవారు. 2017 నుండి సి.డి.4 సంఖ్యతో నిమిత్తం లేకుండా అందరికీ ఇస్తున్నారు. ఇది మేలైన మార్పే అయినా, ఒక కొత్త చిక్కు తెచ్చింది. మంచం పట్టి, మందులతో లేచి తిరిగిన మనిషికి వాటి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఏ బాధా లేని మనిషిని జీవితాంతం ఆసుపత్రికి రమ్మని ఒప్పించడం వేరు.

రాకపోవడానికి కారణాలు

మానివేసిన వారందరినీ నిర్లక్ష్యపరులుగా చూడటం సరికాదు. కేంద్రానికి వెళ్ళడమంటే ఒక రోజు కూలి పోవడం, బస్సు ఛార్జీలు, గంటల తరబడి వరుసలో నిలబడటం. తెలిసినవారు చూస్తారన్న భయంతో కొందరు దగ్గరి కేంద్రాన్ని వదిలి దూరపు ఊరిలో నమోదు చేసుకుంటారు. చివరకు ఆ దూరమే వారిని ఓడిస్తుంది. వలస కూలీలు, లారీ డ్రైవర్లు మందుల తేదీకి ఏ ఊరిలో ఉంటారో వారికే తెలియదు. మద్యపానం, మానసిక కుంగుబాటు, మందులు దాచుకోవడానికి ఇంట్లో చోటు లేకపోవడం కూడా కారణాలే. తేదీ తప్పి వచ్చిన రోగిని సిబ్బంది మందలిస్తే, అతడు మరుసటిసారి రాకుండా పోయే ప్రమాదం ఉంది.

లెక్కలలో 'జాడ తెలియనివారు' అని వ్రాసిన వారిలో కొందరు మరణించి ఉంటారు, మరికొందరు చెప్పకుండా వేరే కేంద్రంలో చేరి ఉంటారు. కాబట్టి ఆ సంఖ్యను మానినవారి సంఖ్యగా భావించరాదు.

రాకపోకలు తగ్గించే పద్ధతులు

ఆరోగ్యం నిలకడగా ఉన్న రోగిని తరచుగా ఆసుపత్రికి రప్పించనక్కరలేదన్నది ఆఫ్రికా దేశాల అనుభవం. దక్షిణాఫ్రికాలోని ఖాయెలిట్షాలో 2007లో, ఒక ఆరోగ్య కార్యకర్త ఆధ్వర్యంలో పాతిక ముప్ఫై మంది రోగులు కలిసి మందులు తీసుకునే 'క్లబ్బులు' మొదలయ్యాయి. మొజాంబిక్‌లోని టెటె రాష్ట్రంలో 2008లో మొదలైన పద్ధతి ఇంకా సరళమైనది. ఇరుగుపొరుగున ఉన్న ఆరుగురు వరకు ఒక జట్టుగా ఏర్పడి, వంతులవారీగా ఒకరు వెళ్ళి అందరి మందులూ తెస్తారు; వెళ్ళినవారు ఆ రోజే తమ పరీక్షలూ చేయించుకుంటారు. అయితే ఇరుగుపొరుగుకు తమ స్థితి తెలియరాదనుకునే వారికి ఈ జట్టు పనికిరాదు. వారికి ఒకేసారి రెండు మూడు నెలల మందులు ఇవ్వడం మేలు. భారతదేశంలో 2020 నాటి కోవిడ్ లాక్‌డౌన్ కాలంలో ఈ పద్ధతి బాగా విస్తరించింది.

గోప్యత

మందులకు రానివారిని వెదకడానికి ఔట్‌రీచ్ కార్యకర్తలు ఫోన్ చేస్తారు, అవసరమైతే ఇంటికి వెళతారు. ఇక్కడే అసలు ఇబ్బంది. ఇంటి ముందు ఆగిన ఆరోగ్య కార్యకర్తను చూసి ఊరివారు అనుమానిస్తే, వెదకడం వల్లనే రోగి శాశ్వతంగా దూరమవుతాడు. 2017లో పార్లమెంటు ఆమోదించి, 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం, చట్టం చెప్పిన కొన్ని సందర్భాలలో తప్ప, ఒకరి హెచ్.ఐ.వి. స్థితిని వారి సమ్మతి లేకుండా వెల్లడించరాదు. (ఇదే చట్టం మందులను 'సాధ్యమైనంత వరకు' అందించాలని మాత్రమే చెప్పడం విమర్శలకు గురైంది.) అందుచేత నమోదు సమయంలోనే ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఇంటికి రావచ్చునా, వస్తే ఎవరినని చెప్పుకోవాలి అన్న విషయాలను రోగినే అడిగి వ్రాసుకోవడం అవసరం.