మా తరువాత ఎవరు? – ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతంలో మేధో వైకల్యంగల పెద్దవారి సంరక్షణ: ఒక చారిత్రక పరిశీలన

మేధో వైకల్యంగల బిడ్డను పెంచే తల్లిదండ్రులు ఏలూరులో ఉన్నా, తాడేపల్లిగూడెంలో ఉన్నా, కొల్లేటి లంకల్లో ఉన్నా చివరకు ఒకే ప్రశ్న దగ్గర ఆగుతారు: "మా తరువాత వీణ్ణి ఎవరు చూస్తారు?" బిడ్డకు నలభై ఏళ్లు, తల్లికి డెబ్బై ఏళ్లు వచ్చేసరికి ఈ ప్రశ్న నిద్ర పట్టనివ్వదు. గత నూరేళ్లలో కుటుంబం, ప్రభుత్వం, క్రైస్తవ సంఘం దీనికి ఇచ్చిన జవాబులను ఈ వ్యాసంలో పరిశీలిస్తాము. ఈ వ్యక్తిని చట్టం మొదట పిచ్చివానిగా చూసింది, తరువాత ఎన్నటికీ ఎదగని పిల్లవానిగా చూసింది, హక్కులున్న పెద్దవానిగా చూడటం ఇటీవలే ఆరంభించింది. ఈ మూడు చూపుల్లో ఏ చూపుతో ఒక ఆశ్రయ గృహం నడుస్తుందో, అందులోని జీవితం అలాగే ఉంటుందన్నది మా అభిప్రాయం.

ముందుగా మాటల సంగతి చెప్పుకోవాలి. మన పల్లెల్లో "అమాయకుడు", "వెర్రిబాగులవాడు" అన్న పేర్లు ఉండేవి. తరువాత "బుద్ధిమాంద్యం" వచ్చింది, ఇప్పుడు "మేధో వైకల్యం" అంటున్నాము. ఇది మానసిక వ్యాధి కాదు. వ్యాధి మధ్యలో వచ్చి చికిత్సతో తగ్గవచ్చు. మేధో వైకల్యం ఎదుగుదల వయస్సులోనే మొదలై జీవితాంతం ఉంటుంది. దానికి కావలసినది మందు కన్నా నేర్పు, తోడు, చోటు. ఈ భేదాన్ని గుర్తించడానికి మన చట్టాలకు చాలా కాలం పట్టింది.

1. ఇల్లే ఆశ్రయంగా ఉన్న కాలం

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక ఈ ప్రాంతం కాలువల కింద వరి పండే సీమ అయింది. రెండు డెల్టాల నడుమ కొల్లేరు చేపలతో జనాన్ని పోషించింది. ఆ బతుకులో చదువు రానివానికి కూడా పని ఉండేది. గేదెలు కాయడం, గడ్డి మోయడం, చేపలు ఎండబెట్టడం వంటి పనులకు అక్షరాలు అక్కరలేదు. అన్నదమ్ములు కలిసి ఉన్న ఇంట్లో ఒక కంచం ఎక్కువైనా లెక్కలోకి రాదు. అయితే ఈ కాలాన్ని స్వర్ణయుగంగా చిత్రించడం సరికాదు. కూలి లేని చాకిరీ, ఎగతాళి, పెళ్లిళ్లప్పుడు గదిలో దాచిపెట్టడం కూడా ఆ ఇంట్లోనివే. ఆడపిల్లల విషయంలో భయం మరింత ఎక్కువ.

ఆ ఏర్పాటు క్రమంగా సడలింది. గత శతాబ్దం చివరి దశాబ్దాల్లో కొల్లేటిలో చేపల చెరువులు పెరిగాయి. 1999లో ప్రభుత్వం 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యం ప్రకటించింది, 2006లో దాని పరిధిలోని చెరువుల గట్లను కొట్టివేశారు. పర్యావరణ దృష్టితో ఆ చర్య ఎంత అవసరమైనా, లంక గ్రామాల్లో అనేక కుటుంబాలు కూలి కోసం ఊరు విడువవలసి వచ్చింది. గోదావరి జిల్లాల నుండి ఎందరో స్త్రీలు ఇంటిపనికి కువైట్, ఇతర గల్ఫ్ దేశాలకు వెళ్లారు. వైకల్యంగల అన్నను చూసుకోవలసిన చెల్లెలు పరాయి దేశంలో పరాయివారి పిల్లల్ని చూసుకుంటున్నది. ఆమె పంపే డబ్బుతో ఇల్లు నిలిచింది గాని ఇంట్లో మనిషి లేకుండా పోయింది.

2. చట్టం చూపు

1912 నాటి ఇండియన్ లూనసీ చట్టం మేధో వైకల్యాన్ని, మతిభ్రమణాన్ని ఒకే నిర్వచనంలో కలిపింది. ఆ చట్టానికి తెలిసిన చోటు పిచ్చాసుపత్రి మాత్రమే. దాని స్థానంలో 1987లో చేసిన మానసిక ఆరోగ్య చట్టం 1993లో అమలులోకి వచ్చింది. అది మేధో వైకల్యాన్ని తన నిర్వచనం నుండి తొలగించింది. ఇది సరైన అడుగే. కాని దీనితో పద్దెనిమిదేళ్లు దాటిన ఇటువంటి వ్యక్తికి సంరక్షకుని నియమించే పాత మార్గం మూసుకుపోయింది, కొత్త మార్గం ఇంకా తెరుచుకోలేదు. తల్లిదండ్రుల సంఘాలు పట్టు విడువక అడిగిన ఫలితంగా 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. "మా తరువాత ఎవరు?" అన్న ప్రశ్నను నేరుగా ఎత్తుకున్న చట్టం ఇది. దీని ప్రకారం ఏర్పడే స్థానిక కమిటీలో జిల్లా కలెక్టరు స్థాయి అధికారి, నమోదైన సంస్థ ప్రతినిధి, వైకల్యంగల ఒక వ్యక్తి ఉంటారు. సంరక్షకుని నియమించేది ఈ కమిటీయే. 2007లో భారతదేశం ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ఆమోదించింది. 2016 చట్టం వైకల్యంగలవారిని హక్కుదారులుగా గుర్తించింది.

3. మిషను సంస్థల వారసత్వం

చర్చి మిషనరీ సొసైటీ ఏలూరులో 1854లో పని ఆరంభించింది. 1845లో రాజమండ్రిలో మొదలైన లూథరన్ మిషను గోదావరికి పడమటి గ్రామాలకు విస్తరించింది. 1976లో ఏలూరు కతోలిక మేత్రాసనం ఏర్పడింది. ఈ సంఘాలు పాఠశాలలు, ఆసుపత్రులు, బోర్డింగులు కట్టాయి. అంటరానివారికి అక్షరం ఇచ్చిన ఘనత ఆ బోర్డింగులది. అయితే బోర్డింగు చదివి పైకి రాగలవాని కోసం ఏర్పడింది. ఉపాధ్యాయులను, నర్సులను, ఉపదేశులను తయారుచేయడం దాని లక్ష్యం. ఎన్నేళ్లు చెప్పినా అక్షరం పట్టుబడని పిల్లవానికి ఆ లక్ష్యంలో స్థానం లేదు.

1984లో సికింద్రాబాదులో జాతీయ సంస్థ ఏర్పడి, శిక్షణ పొందిన ప్రత్యేక ఉపాధ్యాయులు రావడంతో ఇటువంటి పిల్లలకు బడులు వచ్చాయి. పిల్లలు పెద్దవారయ్యారు, తల్లిదండ్రులు ముసలివారయ్యారు. బడి క్రమంగా నివాసం కావడం ఈ రంగంలో తరచుగా జరిగేదే. కాని గంట, యూనిఫారం, వార్డెను అలాగే మిగిలితే, నలభై ఏళ్ల మనిషిని ఇంకా "పిల్లలు" అనే పిలుస్తారు.

4. బయటి ప్రపంచం నేర్పిన పాఠాలు

సంఘ చరిత్రలో మనం దాటవేయకూడని పుటలున్నాయి. లూథర్ భోజన సంభాషణలుగా శిష్యులు వ్రాసిపెట్టిన వాటిలో, డెస్సావ్‌లోని ఒక బాలుని ఆత్మలేని మాంసపు ముద్దగా ఎంచి చంపివేయమని ఆయన సలహా ఇచ్చినట్లు ఉంది. అక్కడి ప్రభువులు అందుకు ఒప్పుకోలేదు. 1939లో నాజీ ప్రభుత్వం వైకల్య గృహాలకు ప్రశ్నాపత్రాలు పంపి వివరాలు సేకరించింది. 1941 ఆగస్టు నాటికి సుమారు 70,000 మందిని విషవాయువుతో చంపింది. క్రైస్తవ సేవాసంస్థల రిజిస్టర్లు కూడా అందుకు ఉపయోగపడ్డాయి. పాస్టర్ బ్రౌనె 1940లో నిరసన పత్రం సమర్పించి అరెస్టయ్యాడు. వేలమందిని ఒకచోట చేర్చి లోకానికి కనబడకుండా ఉంచడంలోనే ప్రమాదం ఉన్నదని ఈ చరిత్ర చెబుతుంది.

1964లో జాన్ వనియే ఫ్రాన్సులో ఆరంభించిన లార్ష్ మరొక దారి చూపింది. వైకల్యం ఉన్నవారు, లేనివారు చిన్న ఇంట్లో కలిసి వండుకొని తింటారు. 1970లో బెంగుళూరులో ఆశా నికేతన్ పేరుతో ఈ దారి భారతదేశానికి వచ్చింది. అయితే వనియే మరణించాక 2020లో, మళ్లీ 2023లో ఆ సంస్థే వెల్లడించిన విచారణల్లో ఆయన అనేకమంది స్త్రీలను లైంగికంగా దోచుకున్నట్లు తేలింది. ఆ స్త్రీలు మేధో వైకల్యంగలవారు కారు. అయినా పాఠం స్పష్టం: స్థాపకుని పవిత్రత గృహానికి కాపలా కాజాలదు. బయటివారు వచ్చి చూడాలి, లెక్కలు అడగాలి, నివాసితో ఒంటరిగా మాట్లాడాలి.

5. గృహంలోని నిత్యజీవితం

ఒక గృహాన్ని అంచనా వేయడానికి భవనం చూస్తే చాలదు. అతని చొక్కా అతనిదేనా, ఉతికిన గుట్టలో చేతికి వచ్చినదా? కూర విషయంలో అతని ఇష్టం ఎవరైనా అడుగుతారా? రాష్ట్రంలో వైకల్య పింఛను 2024లో నెలకు 6,000 రూపాయలయింది. అది ఎవరి చేతికి వస్తుంది, అందులో అతని టీ ఖర్చుకు ఎంత? న్యాయస్థానం మతిస్థిమితం లేనివానిగా ప్రకటిస్తే తప్ప అతనికి ఓటుంది. అతణ్ణి పోలింగు కేంద్రానికి ఎవరు తీసుకువెళ్తారు? అమ్మ చనిపోయినప్పుడు అతనికి చెప్పారా, మట్టి వేయనిచ్చారా? ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులే ఆ గృహ చరిత్ర.

6. సంఘం బాధ్యత

మెఫీబోషెతు దావీదు బల్లయొద్ద భోజనం చేసిన సంగతిని మనం తరచుగా ప్రసంగిస్తాము. అదే వృత్తాంతంలో అతని పొలాన్ని సేద్యపరచే సీబా యజమానిపై కొండెములు చెప్పి ఆస్తి పొందిన సంగతిని విడిచిపెడతాము. బల్లయొద్ద చోటు దొరికినా భూమికి రక్షణ లేకపోయింది. డెల్టాలో అరెకరం కోసం అన్నదమ్ములు కోర్టులకెక్కడం మనకు తెలియనిది కాదు. నేషనల్ ట్రస్ట్ చట్టం సంరక్షకుణ్ణి ఆరు నెలల్లో ఆస్తి జాబితా, ఏటేటా లెక్కలు ఇమ్మంటుంది. సీబాను అడగవలసిన లెక్క అదే.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. అంతవరకు ఏలూరు వచ్చే తాడేపల్లిగూడెం కుటుంబానికి ఇప్పుడు భీమవరం జిల్లా కేంద్రం, మచిలీపట్నం వెళ్లే కైకలూరు వైపు కొల్లేటి కుటుంబానికి ఏలూరు జిల్లా కేంద్రం. డెబ్బై ఏళ్ల తల్లికి ఏ కార్యాలయానికి వెళ్లాలో చెప్పి, ఆమెతో బస్సెక్కే మనిషి ప్రతి సంఘంలోనూ ఉండాలి. ప్రశ్నోత్తరి కంఠస్థం చేయలేదన్న కారణంతో ప్రభురాత్రి భోజనానికి దూరంగా కూర్చోబెట్టిన పెద్దవారు తమ సంఘంలో ఎందరున్నారో కాపరులు లెక్కించుకోవాలి. ఆ తల్లి బ్రతికి ఉండగానే, ఆ బిడ్డను పేరుపెట్టి పిలిచేవారు ఇంటి బయట ఇద్దరు ముగ్గురైనా ఉండేలా చూడటంతో ఈ పని మొదలవుతుంది.