కొడుకు కన్నా చిన్నవాడైన తండ్రి

1948లో విడుదలైన ‘ది ఫెదర్డ్ సెర్పెంట్’ అనే అమెరికన్ చిత్రంలో ఒక విడ్డూరముంది. అందులో డిటెక్టివ్ చార్లీ చాన్‌గా నటించిన రోలండ్ వింటర్స్ 1904 నవంబరులో పుట్టాడు. ఆయన పెద్దకొడుకుగా నటించిన కీ ల్యూక్ అదే ఏడాది జూన్‌లో పుట్టాడు. తండ్రి కన్నా కొడుకే అయిదు నెలలు పెద్ద! ఈ లెక్క తెలిసిన రోజున పకపకా నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

చార్లీ చాన్ హోనొలులు పోలీసు శాఖలోని చైనీయుడు. ఎర్ల్ డెర్ బిగ్గర్స్ 1925లో రాసిన నవలలో పుట్టాడు. 1931 నుండి ఫాక్స్ సంస్థ తీసిన చిత్రాలలో ఆ వేషం వేసింది స్వీడన్‌లో పుట్టిన వార్నర్ ఓలండ్. 1938లో ఆయన పోయాక మిస్సోరీకి చెందిన సిడ్నీ టోలర్ వచ్చాడు. కొడుకుల పాత్రలకు చైనా సంతతి నటులు దొరికారు కానీ, తండ్రి పాత్రకు మాత్రం దొరకలేదట! దొరకలేదో, వెతకలేదో.

1942లో ఫాక్స్ ఈ చిత్రాలకు స్వస్తి చెప్పింది. అప్పుడు టోలర్ చేసిన పని నాకిప్పటికీ ఆశ్చర్యమే. బిగ్గర్స్ భార్య దగ్గర చిత్ర హక్కులు తానే కొనుక్కుని, చవక చిత్రాలకు పేరుపడ్డ మోనోగ్రాం గడప తొక్కాడు. అరవై తొమ్మిదేళ్ళ వయసులో ఒక నటుడు తన పాత్రను తానే పోషించుకోవడానికి పూనుకున్నాడన్నమాట. 1944లో ‘చార్లీ చాన్ ఇన్ ది సీక్రెట్ సర్వీస్’తో మొదలై 1949 దాకా అక్కడ పదిహేడు చిత్రాలు వచ్చాయి.

ఫాక్స్ వారి చాన్ లండన్, పారిస్, ఈజిప్టు తిరిగినవాడు (స్టూడియో గోడల నడుమనే అనుకోండి). మోనోగ్రాంలో ఆయనకు మిగిలినవి నాలుగు గదులు, ఒక వరండా. హంతకుడెవరన్న కుతూహలం కూడా సగంలోనే సన్నగిల్లుతుంది. పాత అభిమానులు ఈ చిత్రాలను ఈసడించడంలో అన్యాయమేమీ లేదు.

అయినా ‘ది స్కార్లెట్ క్లూ’ (1945) మాత్రం మళ్ళీ మళ్ళీ చూస్తుంటాను, కథ కోసం కాదు. చాన్ కారు డ్రైవరుగా మాంటన్ మోర్లండ్ అనే నల్లజాతి హాస్యనటుడున్నాడు. దయ్యమంటే కళ్ళు తేలవేసే పిరికి సేవకుడి వేషమది, చూస్తుంటే నొప్పిగానే ఉంటుంది. అయితే ఒకచోట పాత రంగస్థల మిత్రుడు బెన్ కార్టర్ ఎదురవుతాడు. ఒకరు మొదలుపెట్టిన వాక్యాన్ని రెండోవారు మధ్యలోనే అందుకుంటారు. ఏ వాక్యమూ పూర్తికాదు, ఎవరి గురించో మనకు తెలియదు, వాళ్ళిద్దరికీ మాత్రం అంతా తెలుసు. ఆ కాసేపు వాళ్ళు ఎవరి సేవకులూ కారు. చాన్ ఊసే మరచిపోతాం.

టోలర్ 1947 ఫిబ్రవరిలో మరణించాడు. పాత్ర మళ్ళీ ఖాళీ అయింది. పెద్దకొడుకుగా పేరు తెచ్చుకున్న కీ ల్యూక్‌కు అప్పటికి నలభై రెండేళ్ళు. ఈసారీ ఆ టోపీ బోస్టన్ నుండి వచ్చిన వింటర్స్ తలకే దక్కింది. మరుసటి ఏడు ల్యూక్ తిరిగి వచ్చాడు, కొడుకుగానే.

1972లో చాన్ కుటుంబంపై టెలివిజన్‌కు ఒక కార్టూన్ ధారావాహిక తీశారు. అందులో చార్లీ చాన్‌కు గొంతునిచ్చింది కీ ల్యూక్. అప్పటికి ఆయనకు అరవై ఎనిమిదేళ్ళు.