చిల్లుల బకెట్టు చరిత్ర

చరిత్ర గ్రంథాలలో బకెట్టుకు చోటుండదు. అయినా అమెరికా దేశపు బీరు చరిత్ర వ్రాయబూనినవారు ఒక చిల్లుల బకెట్టు దగ్గర కాసేపు ఆగక తప్పదు. 1873లో ఆ దేశంలో నాలుగు వేలకు పైగా బీరు కర్మాగారాలు ఉండేవి. 1970ల చివరికి అవి వందలోపుకు తగ్గిపోయాయి. 2020 దశకపు ఆరంభానికి మళ్ళీ తొమ్మిది వేలు దాటాయి. ఈ మలుపు మొదలైనది పెద్ద కంపెనీల ప్రయోగశాలల్లో అనుకుంటే పొరపాటే. వంటిళ్ళలోనూ, కారు షెడ్లలోనూ, పాత సామాన్ల అంగళ్ళలోనూ దాని ఆనవాళ్ళు దొరుకుతాయి.

మద్యనిషేధం అనగానే మనకు దూబగుంట స్త్రీల ఉద్యమమూ, 1995లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన నిషేధమూ గుర్తుకొస్తాయి. అమెరికాలో దేశవ్యాప్త నిషేధం 1920 జనవరిలో అమలయి, 1933 డిసెంబరు 5న రద్దయింది. ఆ కాలంలో జనం అంగట్లో దొరికే మాల్టు పాకం డబ్బాలు కొని, రొట్టెల ఈస్టు కలిపి, ఇళ్ళలో గుట్టుగా బీరు పులియబెట్టుకునేవారు. పులియడం పూర్తికాకుండానే బిరడా బిగించిన సీసాలు పేలిపోతూ ఉండేవి. నిషేధం పోయిన తరువాత ఇంట్లో ద్రాక్షసారా చేసుకోవడానికి చట్టం అనుమతించింది గాని, బీరుకు ఆ వెసులుబాటు దక్కలేదు. అందుకు మరో నలభై అయిదేళ్ళు పట్టింది. కాలిఫోర్నియా సెనేటరు అలన్ క్రాన్‌స్టన్ చొరవతో సిద్ధమైన బిల్లుపై 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేశాడు. అది 1979 ఫిబ్రవరి నుండి అమలులోకి వచ్చింది. ఒక వయోజనుడున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, అంటే సుమారు 380 లీటర్లు. ఇద్దరు, అంతకుమించి ఉంటే 200 గ్యాలన్లు. అదీ సొంత వాడుకకే, అమ్మడానికి వీల్లేదు. అయితే తుది మాట రాష్ట్రాలదే కావడంతో మిసిసిపీ, అలబామాలలో 2013 దాకా ఆగవలసివచ్చింది.

చట్టం నిషేధించినది పానీయాన్నే అయినా, దానితో పాటు పనిముట్లూ మాయమయ్యాయి. చేయకూడని పనికి పరికరాలు ఎవరు తయారుచేస్తారు? కర్మాగారాల రాగి కాగులు వేల లీటర్లవి. అవి ఇంట పట్టవు, సామాన్యుడు కొనలేడు. కాబట్టి ఇంటి బీరుకు వాడిన ప్రతి వస్తువునూ వేరే వృత్తి నుండి అరువు తెచ్చుకోవలసివచ్చింది. ఆ వస్తువులన్నిటికీ ఒక పూర్వజన్మ ఉంది.

అసలు పని క్రమం తెలిస్తే ఆ అరువు ఎందుకో బోధపడుతుంది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని నలగగొట్టి, సుమారు 65 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో గంటసేపు నానబెట్టాలి. అప్పుడు గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తీపినీటిని పిప్పి నుండి వడగట్టి, హాప్స్ పూలు వేసి మరిగించి, త్వరగా చల్లార్చి, ఈస్టు కలిపి పులియనివ్వాలి. దోసెలపిండి పులియడం ఎరిగినవారికి చివరి మెట్టు కొత్త కాదు. చిక్కంతా వేడి నిలపడంలోనూ, వడగట్టడంలోనూ, చల్లార్చడంలోనూ ఉంది.

వడగట్టే చిక్కును చార్లీ పాపజియన్ బకెట్లతో విప్పాడు. 1978లో కొలరాడో రాష్ట్రపు బౌల్డర్‌లో గృహ బీరు తయారీదారుల సంఘాన్ని స్థాపించినవారిలో ఆయన ఒకడు. 1984లో వెలువడిన ఆయన పుస్తకం ఈ విద్యకు పెద్దబాలశిక్ష వంటిదయింది. ఆహారపదార్థాలకు పనికివచ్చే రెండు ప్లాస్టిక్ బకెట్లు తీసుకుని, ఒకదాని అడుగున వందలాది సన్నని చిల్లులు పొడవాలి. దానిని రెండవదానిలో దించి, బయటి బకెట్టుకు క్రింద కుళాయి బిగించాలి. పైబకెట్టులో పిప్పి నిలుస్తుంది, కుళాయి నుండి తీపినీరు దిగుతుంది. తన పేరును తిరగవేసి దీనికి ‘జపాప్’ అని పేరుపెట్టాడు. ఇందులో గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది. నిజమైన జల్లెడ ఆ చిల్లులు కావు. వాటి మీద పేరుకున్న బార్లీ పొట్టే. గింజను మెత్తని పిండిగా విసిరితే ఆ పొర ఏర్పడక, ఎంత ఖరీదైన పరికరమైనా మూసుకుపోతుంది.

వేడి నిలపడానికి విహారయాత్రలకు తీసుకుపోయే ఐసుపెట్టె పనికివచ్చింది. చలిని కాపాడే గోడలు వేడినీ కాపాడతాయి గదా! చల్లార్చడానికి రాగిగొట్టాన్ని చుట్టలు చుట్టి, మరిగిన కాగులో ముంచి, లోపల చన్నీరు పారించారు. నీరు పల్లమెరుగు అన్న సూత్రంతో పాత్రలను మెట్లుమెట్లుగా అమర్చి పంపు ఖర్చు తప్పించారు. శీతల పానీయాల కంపెనీలు పాకాన్ని అట్టపెట్టెల్లోని సంచులలో పంపే పద్ధతికి మారాక, అవి వదిలేసిన అయిదు గ్యాలన్ల ఉక్కు పీపాలు చౌకగా అమ్మకానికి వచ్చాయి. వాటితో సీసాలు కడిగే చాకిరీ తప్పింది.

ఈ అతుకుల విద్య ఇల్లు దాటి బయటికి నడిచిన కథ మరింత ఆసక్తికరమైనది. నావికాదళంలో పనిచేస్తూ స్కాట్లాండులో ఇంటి బీరు నేర్చిన జాక్ మెకాలిఫ్, 1976లో కాలిఫోర్నియాలోని సొనోమా వద్ద ‘న్యూ ఆల్బియన్’ ప్రారంభించాడు. పాడిపరిశ్రమలో వాడి పారేసిన సామాను, కోకాకోలా పాకం వచ్చే ఉక్కు పీపాలు కోసి అతికి తానే కట్టుకున్నాడు. ఒక్క విడతకు సుమారు 170 లీటర్లు. బీరుకు పేరు వచ్చింది గాని, ఆ కొలతతో ఖర్చులు గిట్టలేదు. విస్తరణకు అప్పు పుట్టలేదు. 1982లో మూతపడింది.

అక్కడికి వెళ్ళి చూసివచ్చినవారిలో కెన్ గ్రాస్‌మన్ ఒకడు. 1976 నుండి చీకోలో ఇంటి బీరు సామాన్ల దుకాణం నడిపినవాడు. వెల్డింగు నేర్చుకుని, తానూ పాల పాత్రలతోనే ‘సియెర్రా నెవాడా’ను నిర్మించాడు. 1980లో తొలి బీరు కాచాడు. కాని పాత్రల కొలత మెకాలిఫ్ కంటె ఎన్నోరెట్లు పెద్దది. ఇద్దరివీ పాత సామానులే, ఇద్దరిదీ చేతి పనితనమే. ఒకరు నిలిచారు, ఒకరు నిలవలేదు. విద్య నేర్వడానికి చిల్లుల బకెట్టు చాలు. దానిని నమ్ముకుని బ్రతకాలంటే మాత్రం కొలత చూసుకోవాలి. తొలి బాట వేసినవాడు ఆ పాఠానికి తన కర్మాగారాన్నే రుసుముగా చెల్లించాడు.

న్యూ ఆల్బియన్ పాత్రలు తరువాత 1983లో హాప్‌లాండులో మొదలైన మెండొసీనో కంపెనీకి చేరాయి. 1997లో ఆ కంపెనీ మన దేశానికి చెందిన విజయ్ మాల్యా చేతికి వచ్చింది, 2018లో మూతపడింది. పాలకు, పాకానికి పుట్టిన పాత్రలను కోసి అతికి, ఒక మనిషి వేసిన మొదటి అడుగు మాత్రం తొమ్మిది వేల కర్మాగారాల వెనుక నిలిచే ఉంది.