సంతకంతో హక్కు పోదు.. కాలదోషం పడితే పోతుంది
చిరు వ్యాపారులు, వినియోగదారులు తెలుసుకోవాల్సిన ఒప్పంద నిబంధనలు

విశాఖపట్నం: ఓడరేవు, ఉక్కు కర్మాగారం విశాఖకు రెండు కళ్లు. 1933లో రేవు ప్రారంభమైంది. 1992 ఆగస్టు 1న అప్పటి ప్రధాని పి.వి.నరసింహారావు ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఈ రెంటి చుట్టూ ఎన్నో చిన్న బతుకులు అల్లుకున్నాయి. గాజువాక ఆటోనగర్‌లో లేత్‌ మిషన్‌ నడిపేవారు, రేవు నుంచి సరకు మోసే లారీల యజమానులు, పూర్ణా మార్కెట్‌లో అరువు మీద సరకు ఇచ్చే వర్తకులు, వాయిదాల మీద ఆటో కొనుక్కున్న డ్రైవర్లు.. వీరందరి జీవనం ఒప్పందాల మీదే సాగుతోంది. వాటిలో కొన్ని నోటిమాటలు, కొన్ని తెల్లకాగితాలు, మరికొన్ని ఆంగ్లంలో చిన్న అక్షరాలతో అచ్చయిన ఫారాలు.

వివాదం తలెత్తినప్పుడు 'సంతకం పెట్టేశాం, ఇక చేసేదేముంది' అని ఊరుకోవడం పరిపాటి. చట్టం తీరు దీనికి భిన్నం. అన్యాయమైన షరతును సంతకం తరువాత కూడా ప్రశ్నించవచ్చు. గడువు దాటితే మాత్రం న్యాయమైన బాకీని సైతం కోర్టు ఇప్పించదు. ఈ నేపథ్యంలో తరచూ ఎదురయ్యే సందేహాలు, వాటికి సమాధానాలివి.

నోటిమాట చెల్లుతుందా?

చెల్లుతుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్‌ 10 ప్రకారం ఒప్పందానికి ఇరుపక్షాల స్వేచ్ఛా సమ్మతి, అర్హత, ప్రతిఫలం, చట్టసమ్మతమైన ఉద్దేశం ఉండాలి. వేరే చట్టం ప్రత్యేకంగా కోరితే తప్ప రాత తప్పనిసరి కాదు. 18 ఏళ్లు నిండనివారితో చేసుకున్న ఒప్పందం మాత్రం చెల్లదు. ఆస్ట్రేలియా నుంచి బాక్సైట్‌ సరఫరాపై ట్రైమెక్స్‌, వేదాంత సంస్థల మధ్య వచ్చిన వివాదంలో 2010 జనవరి 22న సుప్రీంకోర్టు కీలక తీర్పు ఇచ్చింది. ముఖ్యమైన షరతులు ఈమెయిళ్ల ద్వారా ఖరారైతే, లాంఛనంగా పత్రం రాసుకోకపోయినా ఒప్పందం ఏర్పడినట్లేనని స్పష్టం చేసింది.

చిక్కల్లా రుజువుతోనే. ధర, పరిమాణం, గడువు.. ఈ మూడింటిని కనీసం ఫోన్‌ సందేశంలోనైనా పంపి, అవతలివారి అంగీకారం తీసుకోవాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్‌ 63 ప్రకారం ఇటువంటి సందేశాల ప్రతులను కోర్టుకు సమర్పించేటప్పుడు నిర్ణీత ధ్రువపత్రం జతచేయాలి. అందువల్ల సందేశాలను, అవి ఉన్న ఫోన్‌ను భద్రపరచుకోవాలి.

చదవకుండా సంతకం చేస్తే?

'చదవలేదు, ఆంగ్లం రాదు' అన్న వాదన ఒక్కటే నిలవదు. కొరియర్‌ రసీదుపై సంతకం చేసినవారికి అందులోని పరిహార పరిమితి వర్తిస్తుందని 1996లో భారతి నిట్టింగ్‌ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది. ఖాళీ చెక్కు మరింత ప్రమాదకరం. ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కును అవతలివారు నింపుకొన్నా, అది బాకీ కోసం ఇచ్చినదేనన్న భావనతోనే కోర్టు విచారణ ప్రారంభిస్తుందని 2019 ఫిబ్రవరి 6న బీర్‌సింగ్‌ కేసులో తీర్పు వెలువడింది. బాకీ లేదని నిరూపించుకోవాల్సిన భారం సంతకం చేసినవారిదే. ఇప్పటికే హామీగా ఖాళీ చెక్కు ఇచ్చి ఉంటే, బాకీ తీరిన వెంటనే దాన్ని వెనక్కి ఇవ్వాలని రిజిస్టర్డ్‌ పోస్టులో లేఖ రాయాలి. చెల్లింపులన్నీ బ్యాంకు ద్వారానే జరపాలి.

బెదిరించి సంతకం చేయించుకుంటే?

బలవంతం, మోసం, అనుచిత ప్రభావంతో తీసుకున్న సమ్మతి స్వేచ్ఛా సమ్మతి కాదు. అలాంటి ఒప్పందాన్ని బాధితులు రద్దు చేయించుకోవచ్చు. ఈ విషయంలో దేశమంతటా ఉదహరించే తీర్పుల్లో ఒకటి తెలుగు కుటుంబానిదే. ఆత్మహత్య చేసుకుంటానని బెదిరించి ఓ వ్యక్తి తన భార్య, కుమారుడితో ఆస్తి హక్కు వదులుకుంటున్నట్లు పత్రం రాయించాడు. అది బలవంతమేనని 1917లో చిక్కం అమ్మిరాజు కేసులో మద్రాసు హైకోర్టు తేల్చింది. అయితే ఇక్కడా గడువు ఉంది. పత్రం రద్దు కోరే హక్కు కల్పించే వాస్తవాలు తెలిసిన నాటి నుంచి మూడేళ్లలోగా దావా వేయాలి.

సరకు ఇచ్చినా డబ్బు రాకుంటే?

సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 2006 నాటి ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టం అండగా ఉంది. ఒప్పందంలో గడువు రాసుకుంటే ఆ గడువులోగా సొమ్ము చెల్లించాలి. అది ఎట్టి పరిస్థితుల్లోనూ 45 రోజులు మించరాదు. గడువు రాసుకోకపోతే 15 రోజులే. '90 రోజుల తరువాత చెల్లిస్తాం' అని ఆర్డరులో అచ్చువేసినా 45 రోజుల పరిమితే వర్తిస్తుంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. సరకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే దాన్ని అంగీకరించినట్లే లెక్క.

బకాయి రాకపోతే ఫెసిలిటేషన్‌ కౌన్సిల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. కౌన్సిల్‌ తీర్పును కొనుగోలుదారు సవాలు చేయాలంటే ముందుగా 75 శాతం సొమ్ము కోర్టులో జమ చేయాలి. ఈ ప్రయోజనం పొందగోరేవారు ఆర్డరు తీసుకోక ముందే ఉద్యమ్‌ నమోదు చేయించుకోవడం శ్రేయస్కరం. నమోదుకు రుసుము లేదు. వర్తకులు ఒక విషయం గమనించాలి. టోకు, చిల్లర వ్యాపారులకు 2021 జులై నుంచి ఉద్యమ్‌ నమోదు అవకాశం కల్పించినా, అది ప్రాధాన్య రంగ రుణాలకే పరిమితం. 45 రోజుల నిబంధన వారికి వర్తించదు. వారు సివిల్‌ కోర్టునే ఆశ్రయించాలి.

నోటుకు కాలదోషం ఎప్పుడు పడుతుంది?

అడిగిన వెంటనే చెల్లిస్తానని రాసిన ప్రామిసరీ నోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్లు. అరువు గడువు లేకుండా అమ్మిన సరకు ధరకు సరకు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లు. అరువు గడువు ఉంటే అది ముగిసిన నాటి నుంచి మూడేళ్లు. ఈలోగా కొంత సొమ్ము ముట్టితే నోటు వెనుక తేదీతో చెల్లు రాయించి, బాకీదారు సంతకం తీసుకోవాలి. ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్ల గడువు మొదలవుతుంది. బాకీ ఉన్నట్లు సంతకంతో రాసిచ్చినా అంతే. చెల్లు గడువులోగానే పడాలి. గడువు దాటిన తరువాత అయితే, బాకీ చెల్లిస్తానంటూ బాకీదారు కొత్తగా రాసి సంతకం చేస్తేనే అది చెల్లుబాటవుతుంది. 'రేపిస్తా, మాపిస్తా' అన్న మాటలతో గడువు పెరగదు. నోటుపై రెవెన్యూ స్టాంపు అతికించడం మరువరాదు. ఇతర పత్రాలకు స్టాంపు లోపిస్తే జరిమానా కట్టి సరిచేసుకునే వీలుంది. ప్రామిసరీ నోటుకు ఆ అవకాశం లేదు.

చెక్కు తిరిగొస్తే?

ఇక్కడ లెక్క రోజుల్లోనే. చెక్కు తేదీ నుంచి మూడు నెలల్లోగా బ్యాంకులో వేయాలి. చెక్కు చెల్లలేదని బ్యాంకు తెలిపిన 30 రోజుల్లోగా బాకీదారుకు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజుల్లో సొమ్ము చెల్లించకపోతే, ఆ తరువాత నెల రోజుల్లోగా మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేయాలి. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

భాగస్వామ్యం రిజిస్టరు కాకపోతే?

వ్యాపారం చేసుకోవచ్చు. కానీ 1932 నాటి భాగస్వామ్య చట్టం సెక్షన్‌ 69 ప్రకారం రిజిస్టరు కాని సంస్థ, ఒప్పందం ఆధారంగా బయటివారిపై దావా వేయలేదు. బయటివారు మాత్రం ఆ సంస్థపై దావా వేయవచ్చు. స్నేహితులు, బంధువులు కలిసి పెట్టే దుకాణాలు, వర్క్‌షాపులకు ఈ లోపం బకాయి వసూలు చేసుకునే రోజున గాని తెలియదు.

అద్దె ఒప్పందం 11 నెలలకు రాసుకుంటే చాలా?

చాలదు. ఏడాదిలోపు అద్దె పత్రానికి రిజిస్ట్రేషన్‌ అక్కర్లేదన్నది ఇతర రాష్ట్రాల్లో చెల్లే మాట. ఆంధ్రప్రదేశ్‌లో 1999 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం స్థిరాస్తి లీజు పత్రాలను కాలపరిమితితో నిమిత్తం లేకుండా రిజిస్టరు చేయించాలి. లేకుంటే అందులోని షరతులకు ఆ పత్రం సాక్ష్యంగా పనికిరాదు. అడ్వాన్సుగా పెద్ద మొత్తం ఇచ్చేవారు దాన్ని బ్యాంకు ద్వారానే చెల్లించాలి.

'అమ్మిన సరకు వాపసు తీసుకోబడదు' అని బిల్లుపై ఉంటే?

లోపం ఉన్న వస్తువుకు ఆ మాట అడ్డు కాదు. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం లోపభూయిష్టమైన వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని సొమ్ము ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతే. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే.

ఆటో, లారీ, లేత్‌ మిషన్‌ కొన్నవారు వినియోగదారులేనా?

వ్యాపారం కోసం కొన్నవారు సాధారణంగా వినియోగదారులు కారు. అయితే స్వయం ఉపాధికి మినహాయింపు ఉంది. బతుకుదెరువు కోసం ఆటో కొని తానే నడుపుకొనే వ్యక్తి, లారీ కొని తానే తోలుకునే వ్యక్తి, లేత్‌ మిషన్‌ కొని తానే పనిచేసుకునే వ్యక్తి వినియోగదారులేనని 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్‌ వర్క్స్‌ కేసులో సుప్రీంకోర్టు ఉదాహరణలతో వివరించింది. ఆటోనగర్‌ కార్మికుడికి, రేవు లారీ డ్రైవరుకు ఇంతకన్నా దగ్గరి తీర్పు లేదు. వాయిదా తప్పితే వాహనాన్ని మనుషులను పెట్టి బలవంతంగా లాక్కెళ్లడం తగదని 2007లో ప్రకాశ్‌ కౌర్‌ కేసులో సుప్రీంకోర్టు హెచ్చరించింది. వసూలు చట్టబద్ధంగానే జరగాలి.

ఏకపక్ష షరతులను ఎదుర్కొనేదెలా?

అధిక డిపాజిట్‌ కోరడం, జరిగిన నష్టానికి పొంతనలేని జరిమానా విధించడం, తగిన కారణం లేకుండా ఏకపక్షంగా రద్దు చేసే అధికారం ఉంచుకోవడం వంటివి వినియోగదారుడికి తీవ్ర నష్టం కలిగిస్తే 2019 చట్టం వాటిని అన్యాయ ఒప్పందాలుగా పరిగణిస్తోంది. ఇలాంటి ఫిర్యాదులను రాష్ట్ర, జాతీయ కమిషన్లు విచారిస్తాయి. బిల్డరు రాసుకున్న ఏకపక్ష షరతులకు ఫ్లాటు కొన్నవారు కట్టుబడనక్కర్లేదని 2019 ఏప్రిల్‌ 2న పయొనీర్‌ అర్బన్‌ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. లేఅవుట్‌ వేసి, వసతులు కల్పిస్తామని ప్లాట్లు అమ్మడం సేవ కిందికే వస్తుందని 2012లో హైదరాబాద్‌కు చెందిన నార్నె కన్‌స్ట్రక్షన్‌ కేసులో తేల్చింది. కాంట్రాక్టులో జరిమానా మొత్తం రాసి ఉన్నా, వ్యాపారుల మధ్య సైతం ఆ పరిమితికి లోబడి సమంజసమైన పరిహారమే ఇప్పించాలని కాంట్రాక్టు చట్టం సెక్షన్‌ 74 చెబుతోంది.

'వివాదాలు మధ్యవర్తి వద్దే పరిష్కరించుకోవాలి' అన్న షరతు వినియోగదారుల కమిషన్‌ తలుపు మూయదు. విత్తనాలతో నష్టపోయిన ఆంధ్రప్రదేశ్‌ రైతులతో నేషనల్‌ సీడ్స్‌ కార్పొరేషన్‌కు నడిచిన కేసులో 2012 జనవరి 16న సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది. 'ముంబయి కోర్టులకే పరిధి' అని రాసి ఉన్నా, 2019 చట్టం ప్రకారం వినియోగదారుడు తాను నివసించే లేదా పనిచేసే చోటే ఫిర్యాదు చేయవచ్చు.

ఎక్కడికి వెళ్లాలి? ఎంత ఖర్చు?

చెల్లించిన ధర రూ.50 లక్షల వరకు ఉంటే విశాఖలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయాలి. రూ.5 లక్షల వరకు రుసుము లేదు. రూ.10 లక్షల వరకు రూ.200, రూ.20 లక్షల వరకు రూ.400, రూ.50 లక్షల వరకు రూ.1000. న్యాయవాది తప్పనిసరి కాదు. వివాద కారణం ఏర్పడిన రెండేళ్లలోగా దాఖలు చేయాలి. జిల్లా కమిషన్‌ తీర్పుపై 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. సలహాకు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915.

కేసు వేయక ముందే రాజీకి జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. లోక్‌అదాలత్‌లో కోర్టు రుసుము లేదు. అక్కడి అవార్డు సివిల్‌ కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు ఉండదు కనుక రాజీ షరతులు పూర్తిగా అర్థమయ్యాకే సంతకం చేయాలి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, పారిశ్రామిక కార్మికులకు ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. నంబరు 15100.

గడువులు ఒకచోట

* సరకు అందాక రాతపూర్వక అభ్యంతరం: 15 రోజులు
* సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు చెల్లింపు: గరిష్ఠంగా 45 రోజులు
* చెల్లని చెక్కుపై నోటీసు: 30 రోజులు
* చెక్కు కేసులో ఫిర్యాదు: నోటీసు గడువు ముగిశాక నెల
* వినియోగదారుల ఫిర్యాదు: రెండేళ్లు
* నోటు, సరకు బాకీ, పత్రం రద్దు దావా: మూడేళ్లు

బిల్లు పుస్తకం, నోట్ల కట్ట తీసి ఏ కాగితానికి ఏ తేదీన గడువు ముగుస్తుందో పైన రాసి పెట్టుకుంటే చాలు. బాకీ అడగడానికి మొహమాటపడి మూడేళ్లు దాటనిస్తే, ఆపై చట్టం కూడా ఆదుకోలేదు.