మెడ చుట్టూ నల్లని పట్టీ

ధవళేశ్వరం పిల్లవాడికి అన్నమంటే వరి అన్నమే. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక కాలువ పారిన మేర వరి పరుచుకుంది. కాలువల్లేని తెలంగాణ మెట్టలో మాత్రం కూలి మనిషి కడుపు నింపింది జొన్న గటక, జొన్న రొట్టె. ఈ రెండు కంచాల తేడాలోంచి మనోవ్యాధుల గురించి ఒక పాఠం బయటపడింది. వైద్య, నర్సింగు విద్యార్థులు పెల్లాగ్రా దగ్గర మూడు లక్షణాలు బట్టీపట్టి పేజీ తిప్పేస్తారు: చర్మం మాడటం, విరేచనాలు, మతి చెడటం. ఆ మూడోదాని కథ ఇది.

జబ్బు పాతదే. 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు మొక్కజొన్న తినే బీద రైతుల్లో దీన్ని చూశాడు. ఎండ తగిలే మెడ చుట్టూ చర్మం నల్లబడి కంటెలా కనిపిస్తుంది. నిద్ర పట్టదు, విసుగు, దిగులు. ముదిరితే లేనివి కనబడతాయి, వినబడతాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల పిచ్చాసుపత్రుల్లో ఇలాంటి రోగులు చాలామంది ఉండేవారు. అంటురోగమనే చాలామంది నమ్మకం.

1914లో అమెరికా ప్రభుత్వం జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుణ్ణి పంపింది. ఆయన కంట పడింది చిన్న సంగతి: జబ్బు రోగులకే వస్తోంది, వాళ్లను అంటిపెట్టుకుని ఉండే నర్సులకు రావడం లేదు. సూక్ష్మజీవికి జీతగాడెవరో రోగి ఎవరో ఎలా తెలుస్తుంది? తేడా తిండిలో ఉందన్నాడు. పాలు, మాంసం, గుడ్లు పెట్టించాడు, జబ్బు వెనక్కి తగ్గింది. అయినా నమ్మనివాళ్ల కోసం 1916లో రోగుల రక్తం తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు, వాళ్ల పుండ్ల పొట్టు పిండిలో కలిపి మింగాడు. ఏమీ కాలేదు. లోపించిన పదార్థం నియాసిన్ అని 1937లో కాన్రాడ్ ఎల్వెజెం కుక్కల మీద తేల్చేనాటికి గోల్డ్‌బెర్గర్ పోయి ఎనిమిదేళ్లు. ఆ మందు పడ్డాక ఏళ్ల తరబడి మతిలేనివాళ్లనుకున్న కొందరు రోజుల్లోనే తేరుకున్నారు.

ఇక్కడితో అయిపోవాలి. కానీ హైదరాబాదు దగ్గర లెక్క తప్పింది. 1958లో కూనూరు నుంచి అక్కడికి తరలివచ్చిన పోషకాహార పరిశోధన సంస్థ వైద్యులకు జొన్న తినే కూలీల్లో పెల్లాగ్రా కనబడింది. వంద గ్రాముల జొన్నల్లో నియాసిన్ సుమారు 3 మిల్లీగ్రాములు, మర పట్టిన బియ్యంలో 2. మొక్కజొన్నలోలా జొన్నలో అది ఒంటికి అందకుండా బిగుసుకుపోయి కూడా లేదని వాళ్లు అన్నారు. ఎక్కువున్న గింజ తిన్నవాడికి జబ్బు, తక్కువున్నది తిన్న మన డెల్టావాడికి లేదు!

ఆ సంస్థలోని సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతయ్య ప్రశ్నను తిరగేశారు. గింజలో ఏది తక్కువని కాదు, ఏది ఎక్కువని చూశారు. జొన్నలోనూ మొక్కజొన్నలోనూ ల్యూసిన్ అనే ఎమినో ఆమ్లం మెండు. అది ఒంట్లో నియాసిన్ వాడకాన్ని చెడగొడుతోందని 1960లో ‘లాన్సెట్’లో రాశారు. 1971లో కమల కృష్ణస్వామి, గోపాలన్ పెల్లాగ్రా రోగులకు ల్యూసిన్‌కు విరుగుడుగా ఐసోల్యూసిన్ అనే మరో ఎమినో ఆమ్లం ఇచ్చి చర్మాన్నీ, మెదడు విద్యుత్ తరంగాలనూ పరీక్షించారు. రెండూ మెరుగుపడ్డాయి. మనసు పని చేసేది ఒంట్లోనే అనడానికి ఇంతకన్నా సూటి రుజువు నాకు తెలీదు. ల్యూసిన్ వాదాన్ని తర్వాత కొన్ని ప్రయోగశాలలు ఒప్పుకోలేదు, ఆ తగువు పూర్తిగా తెగలేదు. అయినా ప్రశ్నను తిరగేసిన ఆ తెలివికి నా ఓటు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక మెట్ట కంచంలోకీ వరి చేరింది. జొన్న తగ్గింది, పెల్లాగ్రా అరుదైంది. ఇప్పుడు షుగరు భయంతో డెల్టావాళ్లే జొన్న రొట్టె వెతుక్కుంటున్నారు. పప్పు, పాలు, గుడ్డు తోడుంటే భయమేమీ లేదు.

జబ్బు మాత్రం పోలేదు. అన్నం మానేసి మందు తాగేవాళ్లలో, క్షయకు ఐసోనయజిడ్ మాత్రలు వాడేవాళ్లలో ఇంకా తొంగిచూస్తుంది. కాబట్టి, రేపు ఎవరినైనా ‘వింతగా మాట్లాడుతున్నాడండీ’ అంటూ ఇంట్లోవాళ్లు మీ దగ్గరికి తీసుకొస్తే, కేసు షీటు మీద జబ్బు పేరు రాసేముందు చొక్కా కాలరు దించి మెడ చూడండి, చేతులు చూడండి, నెల రోజులుగా ఏం తింటున్నాడో అడగండి.